సముద్రం అడ్డం రాని సముద్రతీరం

సముద్రం చూడటానికి సముద్రతీరానికి వెళ్ళేవాళ్ళంటే నాకు చచ్చేంత జాలి. వాళ్ళకి ఎవరైనా చెప్పొద్దూ? కాలం మారింది నాయనా, ఇప్పుడు సముద్రతీరాలు ఉన్నది సముద్రం కోసం కాదు, అని!

వెనకటికి సముద్రపు ఒడ్డు ఊళ్ళు ఎంత మొరటుగా ఉండేవో గుర్తుందా? బస్సు దిగితే సముద్రం. వీధి మలుపు తిరిగితే సముద్రం. పొద్దున్నే కిటికీ తెరిస్తే, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇంట్లోకొచ్చేసే సముద్రం. మనిషికి ఊపిరాడేదా అసలు?

నేను చెప్పబోయే ఊరు అలాంటిది కాదు. కళకీ సర్ఫింగ్‌కీ పేరుపడ్డ ఊరు. అంత పేరుపడ్డాక ఇక పేరు చెప్పాల్సిన పనేముంది? అక్కడ సముద్రం ఎవరికీ అడ్డం రాదు. ఎవరి కంటికీ కనబడదు. ఉందని అందరికీ తెలుసు, అంతే. పెద్దమనిషంటే అలా ఉండాలి!

ఈ సంగతులన్నీ నాకు మా వీధి కళ్ళజోళ్ళాయన చెప్పాడు. దుకాణంలో కూర్చుని పదిమంది చూపు సరిచేసే మనిషి కనుక ఆయన చూసిందాంట్లో తప్పుండదని నా నమ్మకం. ఆయనా, ఆయన భార్యా, అత్తగారూ కలిసి మొన్న సెలవురోజున ఆ ఊరు వెళ్ళొచ్చారు. వెళ్ళింది అత్తగారి కోసం.

అత్తగారు ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో ఏళ్ళ తరబడి పనిచేసి ఈమధ్యే రిటైరయింది. ఆవిడ చేతులు ఎండింది తక్కువ, నానింది ఎక్కువ. రక్తం, చీము, వాంతులు, మందుల మరకలు... ఎవరెవరి కష్టాలో దుప్పట్లకి అంటుకుని ఆవిడ దగ్గరికొచ్చేవి, ఆవిడ వాటిని తెల్లగా చేసి వెనక్కి పంపేది. రిటైరైన రోజు కూతురు ముచ్చటపడి, "నీకేం కావాలో చెప్పమ్మా, ఏదైనా సరే," అని అడిగింది.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "ఎవరి మురికీ లేని నీళ్ళలో ఒక్కసారి కాళ్ళు పెట్టి నిలబడాలనుందే. ఊరికే. పనేమీ లేకుండా," అంది.

ఇదేం కోరికండీ? నగ కాదు, నట్రా కాదు, ఉప్పునీళ్ళలో కాళ్ళట! పైగా ఆవిడకి తొందర కూడా ఉంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఈ ఏడు దాటితే ఇసుకలో అడుగు తీసి అడుగు వెయ్యలేనని డాక్టరు చెప్పకముందే ఆవిడకి తెలుసు.

కూతురిది మంచి మనసు. కాకపోతే చదువుకున్న పిల్ల. ఉత్తినే కాళ్ళు తడుపుకోవడానికి ఒక సెలవంతా తగలేస్తుందా? ఫోన్లో వెతికి వెతికి ఈ ఊరు పట్టుకుంది.

"అమ్మా, అక్కడ గోడగోడకీ బొమ్మలేనట! ప్రపంచంలో ఎక్కడెక్కడినుంచో ఆర్టిస్టులు వస్తారట!"

"నీళ్ళున్నాయా?" అంది తల్లి.

"సముద్రతీరమే అమ్మా!"

"అదే అడుగుతున్నా."

బస్సు దిగీ దిగగానే ఎదురుగా సముద్రం! నీలంగా, నిండుగా, ఇంతెత్తు అలలతో. అత్తగారు అక్కడికక్కడే చెప్పులు విప్పేసి చేత్తో పట్టుకుంది. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి గబగబా నడిచింది. దగ్గరికెళ్ళి చూస్తే గోడ.

గోడ మీద వేసిన సముద్రం. అసలుది గోడ వెనకాల ఉంది. ఎంత ముందుచూపండీ! అసలు సముద్రానికి ఒక నిలకడా పాడా? పొద్దునోచోట, సాయంత్రం ఇంకోచోట. ఒకరోజు బురద రంగు, ఒకరోజు బూడిద రంగు. గోడమీది సముద్రానికి అలాంటి దురలవాట్లు లేవు. వానొచ్చినా ఎండొచ్చినా అదే అల, అదే ఎత్తు, దానిమీద అదే డాల్ఫిను, పళ్ళికిలిస్తూ.

గోడ చివర సందుంటుందని నడిచారు. గోడ చివర ఇంకో గోడ ఉంది. దానిమీద సముద్రగర్భం.

నడవలేక అత్తగారు దారి పక్కన బెంచీ మీద కూలబడబోయింది. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, మెళ్ళో కార్డు వేసుకున్న ఒకమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"కూర్చోకండి, కూర్చోకండి! అది శిల్పం!"

"బెంచీలా ఉంటేనూ..." అంది అత్తగారు, సగం వంగి.

"అవునండీ. మనిషి అలసట మీద చేశారు. చుట్టూ తిరిగి చూడొచ్చు."

కళ్ళజోళ్ళాయన అత్తగారిని చెయ్యిపట్టి లేపాడు. అలసట చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఇంకాస్త అలిసిపోయి, ముందుకు నడిచారు. కళ మనిషిని ఎంత లోతుగా తాకుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక సర్ఫింగ్ సంగతి. ఆ ఊళ్ళో సర్ఫ్‌బోర్డు లేని చోటు లేదంటే నమ్మండి. కాఫీహోటల్ తలుపు సర్ఫ్‌బోర్డు. లోపల టేబుల్ సర్ఫ్‌బోర్డు. చేతులు కడుక్కునే చోట అద్దం బిగించింది సర్ఫ్‌బోర్డుకి. మంగలి షాపు ముందు బోర్డు కూడా సర్ఫ్‌బోర్డే. ఒక్క నీళ్ళమీద తప్ప అన్నిచోట్లా కనబడ్డాయని కళ్ళజోళ్ళాయన చెప్పాడు. ఆయన చూపు సంగతి ముందే మనవి చేశాను.

చివరికి ఎలాగైతేనేం, ఒక కాఫీహోటల్ వెనక గుమ్మంలోంచి దూరి ఇసుకలోకి వచ్చిపడ్డారు. ఆ చివర తెల్లటి నురుగు కనబడింది. అత్తగారు ఊపిరి పీల్చుకుంది.

వాళ్ళకీ నురుగుకీ మధ్య పెద్ద సర్ఫింగ్ క్లాసు నడుస్తోంది. అందరూ వరసగా బోర్డుల మీద బోర్లా పడుకుని ఇసుకలో ఈదుతున్నారు. చెమటలు కారేలా ఈదుతున్నారు. జుట్టు ముడేసుకున్న గురువుగారు మధ్యలో తిరుగుతూ, "అలని ముందు లోపల ఎక్కాలి. లోపల ఎక్కలేనివాడు బయట ఎక్కలేడు," అని బోధిస్తున్నాడు.

"నీళ్ళలోకి ఎప్పుడు దింపుతారండీ?" అని అడిగాడు కళ్ళజోళ్ళాయన, మర్యాదకి.

"నీళ్ళలోకా?" గురువుగారు ఉలిక్కిపడ్డాడు. "అది అడ్వాన్స్‌డ్ కోర్సండీ. చాలామందికి అంతదాకా అవసరం పడదు."

నవ్వకండి! ఇసుకలో ఈదుతూ మునిగిపోయినవాడు ఎక్కడైనా ఉన్నాడా? ముక్కులోకి నీళ్ళు పోయినవాడు ఉన్నాడా? క్లాసయ్యాక ఫోటో ఉంటుంది, టీషర్టు ఉంటుంది, మనవలకి చెప్పుకోవడానికి కథ ఉంటుంది. ఇక సముద్రం దేనికి?

అత్తగారికి ఈ వేదాంతం ఎక్కలేదు. క్లాసు పక్కనుంచి తప్పుకుని నురుగువైపు నాలుగడుగులు వేసింది. అంతే, చెవులు చిల్లులు పడేలా ఈల! రెండు ఎర్రజెండాల మధ్య ఎత్తు కుర్చీలో కూర్చున్నాయన చెయ్యి ఊపుతున్నాడు.

"అమ్మా, ఇటు రాకూడదు. ఈ జెండాల మధ్య సర్ఫింగ్‌కి మాత్రమే."

అత్తగారు నీళ్ళవైపు చూసింది. ఒక్క పురుగు లేదు. "ఎవరూ లేరు కదా బాబూ?"

"ఎవరైనా వస్తే?"

"పోనీ ఆ పక్కనుంచి పోనా?"

"అటు ఇసుక శిల్పాలున్నాయి, తొక్కకూడదు. ఇటేమో బట్టల కంపెనీవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు, మధ్యలో నడవకూడదు."

"నేను సర్ఫింగూ చెయ్యను, ఫోటోలూ దిగను. కాళ్ళు తడుపుకుని వచ్చేస్తా బాబూ. రెండంటే రెండు నిమిషాలు."

ఈలాయన మంచివాడే. పాపం నిజంగానే ఆలోచించాడు. "కాళ్ళు తడుపుకోడానికని మాకు క్యాటగిరీ లేదమ్మా," అన్నాడు చివరికి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? అయినా నేను ఈలాయన పక్షమే. రేపు ఎవడో వచ్చి మోకాళ్ళు తడుపుకుంటానంటాడు. ఎల్లుండి ఇంకొకడు మునుగుతానంటాడు. ఊరంతా జనం తడిసి తిరగడం మొదలుపెడితే ఇక కళ గతి ఏం కాను?

"కాస్త ఎండ తగ్గాక మళ్ళీ అడుగుదాం అమ్మా," అంది కూతురు. "ఈలోగా గ్యాలరీ చూద్దాం. ఏసీ ఉంటుంది, కూర్చోవచ్చు."

గ్యాలరీ సరిగ్గా ఒడ్డునే ఉంది. దానికి కిటికీలు లేవు. కిటికీలుంటే సముద్రం కనబడి, కళ మీద ధ్యాస చెదురుతుందని మూసేశారట. కానీ మరీ లోటు చెయ్యలేదు. లోపల స్పీకర్లలోంచి సముద్రపు హోరు వినిపిస్తోంది. అవతల పక్క ఇరవై నాలుగ్గంటలూ అదే హోరు వస్తోందనుకోండి, కానీ దానికి వాల్యూమ్ తగ్గించే వీలు లేదు కదా!

కూతురు మొదటి గదిలో బొమ్మల ముందు ఫోటోలు దిగుతూ ఉండిపోయింది. అత్తగారూ అల్లుడూ కుర్చీ వెతుక్కుంటూ లోపలి హాల్లోకి వెళ్ళారు.

హాలు నిండా తెల్లదుప్పట్లు. కుప్పలు కుప్పలుగా. కొన్ని తాళ్ళమీద వేలాడుతున్నాయి, కొన్ని నలిగి నేలమీద దొర్లుతున్నాయి, ఫ్యాను గాలికి మూలమూలకీ పోతున్నాయి. గుమ్మం పక్కన చిన్న అట్టముక్క మీద 'అలలు' అని రాసి ఉంది. ఆవిడ అట్టముక్క వైపు చూడలేదు. దుప్పట్లు నేలమీద పడి ఉంటే ఆవిడకి ఇంకేం కనబడుతుంది?

"అయ్యయ్యో! ఎవరిదీ డ్యూటీ?" అంది. "ఉతికిన దుప్పట్లు నేలమీద పడేస్తారా ఎవరైనా? అక్కడెవరో పేషెంటు పరుపు మీద చూస్తూ కూర్చునుంటాడు!" ఒకటి లాగి దులిపింది. "బాబూ, ఆ కొస పట్టుకోండి."

"అత్తయ్యగారూ, ఇది మరి..."

"మాట్లాడతారేంటి, నేలకి తగుల్తోంది!"

ఆయన పట్టుకున్నాడు. మీరైనా పట్టుకునేవాళ్ళే. దుప్పటి మడత ఒక్కరివల్ల అయ్యేది కాదు. ఇద్దరు చెరో చివరా పట్టి లాగాలి, బిర్రుగా. మూలని మూలకి కలిపి ఎదురెదురుగా నడిచి చేతులు చేతులకి తగిలించాలి. మళ్ళీ వెనక్కి. ఆసుపత్రి మడతలో ఇంకో సంగతి ఉంది. రోగిని లేపకుండా పక్కకి ఒత్తిగిలించి, సగం ఇటు, సగం అటు పరిచేలా ఉండాలి. కళ్ళజోళ్ళాయన రెండు దుప్పట్లు పాడుచేశాక మూడోదానికి దారిలో పడ్డాడు. గ్యాలరీవాళ్ళు చూసుకునేసరికి సముద్రం సగానికి సగం మడతపడి గోడవారగా చేరిపోయింది.

మెళ్ళో కార్డున్న అమ్మాయి కెవ్వుమంది. జనం పోగయ్యారు. ఎవరో వెళ్ళి ఆ 'అలలు' చేసిన ఆర్టిస్టుని పిలుచుకొచ్చారు. ఆయన ప్యాంటు మీద రంగులు ఎక్కడ ఉంటే బాగుంటాయో సరిగ్గా అక్కడ ఉన్నాయి. దొంతర దగ్గరికి వచ్చి, బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"క్షమించండి సార్," అన్నాడు కళ్ళజోళ్ళాయన, ముచ్చెమటలు పోస్తుంటే. "పెద్దావిడండీ, తెలీక చేసింది."

"తెలీకా?" అన్నాడు ఆర్టిస్టు. "ఇన్నేళ్ళనుంచి నేను సముద్రాన్ని విప్పుతూ వచ్చాను. ఈవిడ మడిచింది! ఎవరీవిడ? ఎక్కడ నేర్చుకుంది?"

అప్పుడే కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మామూలుగా ఎవరైనా అడిగితే ఆ పిల్ల "మా అమ్మ హాస్పిటల్లో చేసింది" అనేసి టక్కున ఆపేస్తుంది. వినేవాళ్ళు నర్సనుకుంటారు. అనుకోనిస్తుంది. ఇప్పుడు మాత్రం, "లాండ్రీలో! మా అమ్మ హాస్పిటల్ లాండ్రీలో చేసిందండీ!" అని హాలంతా వినబడేలా చెప్పింది.

ఆ మాట కూతురి నోటంట అంత గట్టిగా రావడం తల్లి ఎప్పుడూ వినలేదు. ఆవిడకి సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు తనమీద తనకే కోపం కూడా వచ్చింది.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పనక్కర్లేదు, మీరే ఊహించగలరు. దొంతర విప్పి మళ్ళీ కుప్పపోశారు. "ఇంకొక్కసారి అమ్మా," అన్నారు. మడిచింది. చప్పట్లు కొట్టారు. మళ్ళీ కుప్పపోశారు. కబురు ఊరంతా పాకింది. బట్టల కంపెనీవాళ్ళు వచ్చారు, గురువుగారు శిష్యుల్ని లేపి ఇసుకతోనే తీసుకొచ్చాడు. ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని, "ఆ మూలని మూలకి చేర్చడంలో ఎంత వేదన ఉందో చూడండి," అన్నాడు. కళ్ళు మూసుకునే అన్నాడు.

ఎంత అదృష్టమో చూశారా? ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ మడతని మెచ్చుకున్న నాథుడు లేడు. మడత సరిగా లేనిరోజున మాత్రం ఫోను వచ్చేది. ఇక్కడ మడతమడతకీ చప్పట్లే! రిటైరై, సెలవు చూసుకుని, బస్సెక్కి, సముద్రానికని వచ్చి, మధ్యాహ్నమంతా చేతులు పీకేలా దుప్పట్లు మడిచే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

"బస్సుకి టైమెంతుంది బాబూ?" అని అడిగింది అత్తగారు, ఒక దుప్పటి సగం మడతలో ఉండగా.

కళ్ళజోళ్ళాయన వాచీ చూసుకుని తలదించుకున్నాడు. ఆవిడకి అర్థమైంది. చేతిలో దుప్పటి కింద పడేసింది. జన్మలో మొదటిసారి పడేసింది. "నేను పోతున్నా," అంది.

"అమ్మా, అమ్మా, ఒక్కసారి! ఇందాకటి వీడియో సరిగ్గా రాలేదు," అంది కూతురు.

"నాకేం కావాలని నువ్వే అడిగావు కదే," అంది తల్లి. గొంతు పెంచలేదు. "చెప్పాను కదా నీకు."

అత్తగారు వెనకగోడకున్న ఇనపతలుపు తోసింది. బయట ఇసుక. ఇసుక చివర సముద్రం. కుంటుకుంటూ నడిచింది. వెనక అల్లుడు, అల్లుడి వెనక కూతురు, వాళ్ళ వెనక ఊరంతా, కిక్కురుమనకుండా.

ఈలాయన ఈల నోట్లో పెట్టుకున్నాడు. "ఉష్! పర్ఫార్మెన్స్," అన్నాడు ఆర్టిస్టు. అంతే! ఈలాయన కుర్చీ దిగి వచ్చి ఎర్రజెండా తనే పీకి, దారిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చూశారా మరి? మనిషి కాళ్ళు తడుపుకుంటానంటే క్యాటగిరీ లేదు. కళ కాళ్ళు తడుపుకుంటానంటే జెండాలు వాటంతటవే లేచిపోతాయి!

మొదటి అల వచ్చి ఆవిడ మడమలు తడిపింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. చప్పట్లు మోగాయి. కళ్ళు తెరిచింది.

"అమ్మా, కొంచెం ఇటు తిరగండి, మొహం పడట్లేదు!"

"కాస్త లోపలికెళ్ళండమ్మా, వెలుతురు బాగుంది!"

ఆర్టిస్టు ఒక దుప్పటి చంకలో పెట్టుకుని ఎగపోస్తూ పరిగెత్తుకొచ్చాడు. గ్యాలరీలో అందరూ తొక్కిన దుప్పటి, కాఫీ మరకతో సహా. "అమ్మా, దీన్ని ఇక్కడ ఉతకండి. సముద్రంలో! ఒక్కసారి. అద్భుతంగా ఉంటుంది!"

అత్తగారు దుప్పటి వైపు చూసింది. తన కాళ్ళ చుట్టూ ఉన్న నీళ్ళవైపు చూసింది. అలవాటుపడిన చేతులు ఒక్క క్షణం ముందుకే వచ్చాయట. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"బాబూ," అంది అల్లుడితో. "వీళ్ళని కాసేపు నన్ను చూడొద్దని చెప్పండి."

కళ్ళజోళ్ళాయన ఆర్టిస్టు చేతిలోంచి దుప్పటి లాక్కున్నాడు. "అటు తిరగండి!" అని అరిచాడు. అంత గొంతు తనలో ఉందని ఆయనకే తెలీదు. "అందరూ! అటు తిరగండి!"

అందరూ తిరిగారు! ఒక్కరు ఎదురు చెప్తే ఒట్టు. ఇదీ పర్ఫార్మెన్సులో భాగమే అనుకున్నారు. ఆర్టిస్టు తిరిగాడు, గురువుగారు తిరిగాడు, శిష్యులు తిరిగారు, ఈలాయన తిరిగాడు. సముద్రానికి వీపు పెట్టి నిలబడమంటే ఆ ఊళ్ళో ఎవరికి చేతకాదు? ఫోటో దిగిన ప్రతిసారీ చేసే పనేగా! కూతురొక్కతే ఫోను పైకెత్తి పట్టుకుని ఆగింది. తల్లి ఆమె వైపు చూసింది. కూతురు ఫోను దించి, మెల్లిగా తనూ తిరిగింది.

బస్సు తప్పిపోయింది. పోతే పోయింది.

దుప్పటి పట్టుకుని కళ్ళజోళ్ళాయన కూడా అటే తిరిగి నిలబడ్డాడు కనుక, వెనక ఏం జరిగిందో ఆయనా చూడలేదు. నీళ్ళ చప్పుడు విన్నాడు. మధ్యలో అత్తగారి గొంతు కూడా విన్నాడట. నవ్విందా, ఏడ్చిందా అని నేను గుచ్చిగుచ్చి అడిగాను. కాలమ్ రాసేవాణ్ణి, నాకు కావాలి కదా! ఆయన నా కళ్ళజోడు తుడిచి నా చేతిలో పెట్టి, "అది మనకెందుకండీ?" అన్నాడు.

ఏం, మీరింకా ఇటే చూస్తున్నారేంటి? ఆవిడ నీళ్ళలోనే ఉంది. అటు తిరగండి.